పాత పత్రికల వెనక అట్ట మీది మందులు: ఆ సీసాల్లో ఏముండేది?

అమ్మమ్మపెట్టె (తెనాలి) | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. అమ్మమ్మ వాళ్ల ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీద సామాను దింపితే ఒక ట్రంకుపెట్టె నిండా పాత మాసపత్రికలు బయటపడ్డాయి. చెదలు తిన్నవి పోగా ముప్ఫై దాకా మిగిలాయి. కథలు చదువుదామని కూర్చున్నదాన్ని, రెండు రోజులుగా ప్రకటనలే చదువుతున్నాను. వాటిలో సగానికి సగం మందులవే. ఆడవాళ్ల టానిక్కులు, పసిపిల్లల బాలామృతాలు, నరాల బలహీనతకు మాత్రలు, కీళ్లకు తైలాలు. "వి.పి.పి. ద్వారా పంపబడును" (అంటే సరుకు అందాక డబ్బు పోస్టుమాన్‌కు కట్టడం), "ఏజంట్లు కావలెను", "కేటలాగు ఉచితము".

1948 నాటి ఒక సంచిక వెనక అట్ట మీద స్త్రీల టానిక్కు ప్రకటన ఉంది. దాని పేరు ఇక్కడ రాయను. కింద మూడు యోగ్యతాపత్రాలు, అంటే వాడి బాగుపడ్డామంటూ రాసిన ఉత్తరాలు, అచ్చేశారు. మూడోది మా ఊరి నుంచే! ఊరు, తాలూకా స్పష్టంగా ఉన్నాయి. రాసినావిడ ఇంటిపేరు మా అమ్మమ్మ పుట్టింటి వాళ్లది. ఎనిమిదేళ్లుగా అన్నం సహించక మంచాన పడ్డ తాను మూడు సీసాలతో లేచి తిరుగుతున్నానని రాసింది.

నాకు రెండు సందేహాలు. వీటిని మా ఇంట్లో పెద్దవాళ్లు "పేటెంటు మందులు" అనేవారు. నిజంగానే పేటెంటు ఉండేదా? రెండోది, ప్రకటనలో ధర ఉంది, పోస్టు ఖర్చు ఉంది, ఏజంటు చిరునామా ఉంది. సీసాలో ఏముందో మాత్రం ఎక్కడా లేదు. ఏముండేది? అమ్మమ్మ ఇప్పుడు హైదరాబాదులో మామయ్య దగ్గరుంది. వచ్చే వారం వెళ్లినప్పుడు ఆ ఉత్తరం సంగతి అడుగుతాను.

మందులకొట్టు (గుంటూరు) | శనివారం, రాత్రి 10:05

అమ్మా, ముప్ఫై ఎనిమిదేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మీ మొదటి ప్రశ్న నేను ఫార్మసీ చదివేటప్పుడు మా మాస్టారిని అడిగిందే.

పేటెంటు అంటే కొన్నేళ్లపాటు తానొక్కడే తయారుచేసి అమ్ముకునే హక్కు. అది కావాలంటే తయారీ గుట్టు ప్రభుత్వానికి రాసివ్వాలి. ఆ గుట్టు అందరూ చూడొచ్చు, గడువు తీరాక ఎవరైనా తయారుచేసుకోవచ్చు. గుట్టు మీద బతికే వ్యాపారానికి అది ఎలా కుదురుతుంది? అందుకే ఈ మందుల్లో చాలావరకు పేటెంటు జోలికే పోలేదు. మందు పేరు, చీటీ మీద బొమ్మ, సీసా ఆకారం మాత్రం ట్రేడ్‌మార్కు చేయించుకునేవాళ్లు. మాట ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ రాజుగారు ఫలానావాడే ఈ వస్తువు అమ్ముకోవచ్చని ఇచ్చే అనుమతి పత్రాన్ని లెటర్స్ పేటెంట్ అనేవారు. 1712లో స్టౌటన్ అనే ఆయన తన ఎలిక్సిర్ అనే ద్రవమందుకి అలాంటిది సంపాదించాడు. ఆ గౌరవం చూసి, ఏ పత్రమూ లేనివాళ్లంతా అదే మాట తగిలించుకున్నారు.

ఏముండేది అన్నదానికి ఒక లెక్క చెబుతాను. ఇంగ్లండులో బీచమ్స్ పిల్స్ అని ఉండేవి, డబ్బా ఒక గినీ చేస్తుందని ప్రకటన. గినీ అంటే 21 షిల్లింగులు. అమ్మేది మాత్రం ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీకి. అంత విలువైనది ఇంత చవగ్గా ఇస్తున్నామని చెప్పడం అన్నమాట. 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ వాళ్లు మార్కెట్లో ఉన్న గుట్టు మందులు చాలా కొని పరీక్ష చేయించి, ఏది దేనితో చేశారో, ఆ సరుకు ఖరీదెంతో పుస్తకంగా వేశారు. బీచమ్స్ మాత్రల్లో తేలింది ముసాంబరం, శొంఠి, సబ్బు. ముసాంబరం అంటే కలబంద రసం ఎండబెట్టింది, విరేచనకారి. 56 మాత్రల డబ్బాలో సరుకు ఖరీదు అర ఫార్దింగు. పెన్నీలో నాలుగో వంతు ఫార్దింగు, అందులో సగం!

ఒక మాట మాత్రం చెప్పాలి. ఆ బీచమ్ సంస్థే తర్వాతి కాలంలో పరిశోధన మీద డబ్బు పెట్టి యాంపిసిలిన్, అమాక్సిసిలిన్ అనే యాంటిబయాటిక్‌లు కనిపెట్టింది. నా కౌంటర్లో రోజూ అమాక్సిసిలిన్ అమ్ముతాను. ఆ ముసాంబరం మాత్రలు నాకు అప్పుడప్పుడు గుర్తొస్తుంటాయి.

లిన్ పక్కన లక్ష్మి (మసాచుసెట్స్) | ఆదివారం, ఉదయం 7:40

స్త్రీల టానిక్కు అనగానే నేను రాయక తప్పదు. నేనుండేది లిన్ అనే ఊరికి పది నిమిషాల దూరంలో. ఈ వ్యాపారానికి ప్రపంచంలోకెల్లా పేరున్న ఆడమనిషి ముఖం ఈ ఊరిదే.

లిడియా పింకమ్. 1819లో పుట్టింది. వంటింట్లో వేర్లు, గింజలు కాచి, ఇరుగుపొరుగు ఆడవాళ్లకు నెలసరి నొప్పులకని ఊరికే ఇచ్చేది. 1873లో అమెరికాలో బ్యాంకులు కూలినప్పుడు భర్త ఆస్తి మొత్తం పోయింది. 1875 నుంచి ఆ కషాయాన్ని సీసా డాలరుకు అమ్మడం మొదలుపెట్టారు. కొడుకులు వీధుల్లో కరపత్రాలు పంచేవాళ్లు. 1879లో ఆవిడ ఫోటోనే ప్రకటనలో వేశారు. నెరిసిన జుట్టు నున్నగా దువ్వుకుని, మెడలో తెల్లటి లేసు కట్టుకున్న పెద్దావిడ. పొరుగింటి పిన్నిగారిలా ఉంటుంది చూడ్డానికి. అమ్మకాలు ఎక్కడికో వెళ్లిపోయాయి.

ఆ కషాయంలో ఉన్నవాటిలో మెంతులు ఒకటి. చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, మా అమ్మ బాలింతలకు పెట్టే మెంతులే. బ్లాక్ కోహోష్ లాంటి మూడు నాలుగు రకాల వేర్లు మిగతావి. వీటన్నిటినీ నిలవ ఉంచడానికని కలిపిన సారాయి నూటికి 18 పాళ్లు. మన తాటికల్లు కంటే మూడు నాలుగు రెట్లు ఘాటు. మద్యం ముట్టని ఇళ్లలో, మద్యనిషేధం కోసం ఊరేగింపుల్లో నడిచిన ఆడవాళ్లు కూడా చెంచాల లెక్కన తాగారు. లిడియా కూడా మద్యనిషేధం వైపు మనిషే.

ప్రకటనలో ఇంకో మాట ఉండేది: మీ బాధ ఏదైనా శ్రీమతి పింకమ్‌కు రాయండి, మీ ఉత్తరం మగవాళ్ల కంట పడదు. అప్పట్లో మగ డాక్టరు ముందు నోరు విప్పలేని ఆడవాళ్లు వేలకు వేలు రాశారు. జవాబులూ వచ్చేవి. ఆవిడ 1883లో చనిపోయింది. ఉత్తరాలు ఆగలేదు, జవాబులూ ఆగలేదు. శ్రీమతి పింకమ్‌కు రాయండి అనే ప్రకటన ఏళ్ల తరబడి అలాగే పడింది. 1905లో లేడీస్ హోమ్ జర్నల్ సంపాదకుడు ఎడ్వర్డ్ బాక్ ఒక పని చేశాడు. లిన్ శ్మశానంలో ఆవిడ సమాధిరాయి ఫోటో తీయించి, మరణించిన సంవత్సరం కనపడేలా పత్రికలో అచ్చువేశాడు.

ఆ సమాధి దగ్గరికి నేను రెండుసార్లు వెళ్లాను. నాకు ఆవిడ మీద కోపం రాదు. అప్పటి వైద్యులు ఆడవాళ్ల నొప్పికి చేసింది చాలా తక్కువ. ఆవిడ కనీసం నొప్పి ఉందని ఒప్పుకుంది. ఆడవాళ్లు తమ శరీరం గురించి తెలుసుకోవాలని చిన్న పుస్తకాలు పంచింది. చనిపోయిన మనిషి పేరుతో, బతికున్న మనిషి తన గుట్టు విప్పి రాసిన ఉత్తరానికి జవాబిచ్చారు చూడండి, అది మాత్రం నాకు మింగుడుపడదు.

పాతబస్తీ పిలగాడు (హైదరాబాద్) | ఆదివారం, ఉదయం 11:20

మా ఇంట్ల జిందా తిలిస్మాత్ లేని రోజు లేదు. జలుబైతే వేడినీళ్లల్ల నాలుగు చుక్కలు, తలనొస్తే నుదుటికి, కడుపునొస్తే లోపలికి. 1920ల హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ సాబ్ మొదలువెట్టిండు. నీలగిరి తైలమే ఎక్కువ, కర్పూరం, పుదీన పువ్వు, వాము పువ్వు ఉంటయి. ఆ ఎర్ర రంగు రతన్‌జోత్ వేరుది. డబ్బ మీద బొమ్మ ఎవరిదనుకుంటున్నరు? సిద్దీ సిపాయిది. నిజాం ఫౌజుల ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు ఉండేటోళ్లు, బలానికి గుర్తుగ వెట్టిండు హకీం సాబ్. గోడల మీద, బస్టాండ్లల్ల, రైల్వే స్టేషన్లల్ల ఆ బొమ్మ చూడకుంట పెరిగిన హైదరాబాదీ ఉండడు.

లక్ష్మి అక్క చెప్పింది చదివినంక ఒకటి తోచింది. అమెరికాల "పాము నూనె" అంటే దగా అని అర్థం కదా. క్లార్క్ స్టాన్లీ అనేటోడు 1893ల చికాగో ఎగ్జిబిషన్ల జనం ముంగట పాముల్ని కోసి నూనె తీసినట్టు చూపెట్టి సీసాలు అమ్మిండు. సర్కారోళ్లు పరీక్ష చేస్తే పాము లేదు, గీము లేదు. మినరల్ ఆయిలు, గింత గొడ్డు కొవ్వు, మిరపకాయ. 20 డాలర్ల జుర్మానా ఏసిండ్రు, గంతే. మన దిక్కు అన్ని రోగాలకు ఒక్కటే మందు అనాల్నంటే "జిందా తిలిస్మాత్" అంటం. గానీ అది తిట్టు కాదు. అదంటుంటే మా నాయనమ్మ కొంగుకు కట్టుకున్న చిన్న సీస యాదికొస్తది.

కంపోజింగ్ తాత (విజయవాడ) | ఆదివారం, సాయంత్రం 5:30

మనవరాలు టైపు చేస్తోంది, నేను చెబుతున్నాను. పధ్నాలుగో ఏట ప్రెస్సులో చేరి, కంపోజింగు స్టిక్కు పట్టుకున్నాను. సీసపు అక్షరాలు ఏరి పేర్చడం. కథ ఆలస్యమైనా పర్లేదు గానీ మందుల ప్రకటన ఆలస్యం కాకూడదని మా ఫోర్‌మన్ నియమం. మద్రాసు నుంచి, బొంబాయి నుంచి జింకు బ్లాకులు పార్సిల్లో వచ్చేవి. ఒక పక్క నీరసంగా వంగిపోయిన మనిషి, ఇంకో పక్క కండలు తిరిగిన అదే మనిషి. ఆ రెండు బొమ్మల బ్లాకు నా చేతుల మీదుగా ఎన్నిసార్లు పోయిందో. యోగ్యతాపత్రాలు మాత్రం చేతిరాతలో వచ్చేవి, మేమే పేర్చేవాళ్లం. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు ఒకే చేతిరాతలో, ఒకే సిరాతో ఉండటం చూశాను. అడిగే వయసు కాదు అప్పుడు.

అయినా అందరినీ ఒకే గాటన కట్టకండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. ప్రచారం ఎలా చేశారో తెలుసా? సంగీత కచేరీలకు వెళ్లి వచ్చినవాళ్లకు ఊరికే పంచారు. తలనొప్పి తగ్గినవాడు మర్నాడు కొనుక్కుంటాడు. ఆ పసుపు డబ్బా డబ్బుతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది, 1924లో భారతి సాహిత్య మాసపత్రిక వచ్చింది. తర్వాత ఆంధ్రగ్రంథమాల పుస్తకాలు. తెలుగువాడు వార్త చదివాడన్నా, కవిత్వం మీద కొట్లాడుకున్నాడన్నా అందులో ఆ తలనొప్పి మందు వాటా ఉంది. ఆయన్ని విశ్వదాత అన్నారు, దేశోద్ధారక అన్నారు. ఆ రెండూ తగిన బిరుదులే.

లిన్ పక్కన లక్ష్మి | ఆదివారం, రాత్రి 8:15

తాతగారూ, మీరు చెప్పింది కళ్లకు కట్టింది. పత్రికకూ మందుకూ ఉన్న ఈ ముడి ఇక్కడ ఇంకోలా బిగిసింది.

ఒహాయోలో చెనీ అనే మందుల కంపెనీ ఆయన, ఈ మందులవాళ్ల సంఘానికి అధ్యక్షుడు కూడా. పత్రికలతో రాసుకునే ప్రకటనల ఒప్పందంలో ఒక షరతు పెట్టించాడు: మీ రాష్ట్రంలో మా మందులకు అడ్డువచ్చే చట్టం ఏదైనా వస్తే ఈ ఒప్పందం రద్దు. అంటే శాసనసభలో ఎవరైనా "సీసా మీద ఏముందో రాయించండి" అని బిల్లు పెడితే, దాన్ని ఓడించే పని పత్రిక యజమానే నెత్తిన వేసుకోవాలి, లేకపోతే ఏడాది ఆదాయం పోతుంది. ఆ షరతు కొన్నిసార్లు ఎర్ర సిరాతో అచ్చయ్యేదట. 1905 నవంబరులో కోలియర్స్ పత్రిక ఆ ఒప్పందాల ఫోటోలు అచ్చేసింది. అంతకు ముందు నెలే అదే పత్రికలో శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ మందుల మోసం మీద వరస వ్యాసాలు మొదలుపెట్టాడు.

అమ్మమ్మపెట్టె | ఆదివారం, రాత్రి 9:02

చదువుతుంటే గుండె బరువెక్కుతోంది. మరి ఏది ఆపింది దీన్ని? ఎక్కడైనా ఆగిందా?

మందులకొట్టు | ఆదివారం, రాత్రి 10:48

షాపు కట్టేసి వచ్చి రాస్తున్నాను. ఈ ప్రశ్నకు ఓపిగ్గా జవాబివ్వాలి.

ముందు మిసెస్ విన్‌స్లోస్ సూథింగ్ సిరప్ గురించి చెప్పాలి. 1849 నుంచి అమెరికాలో అమ్మారు, పళ్లొచ్చేటప్పుడు ఏడ్చే పిల్లలకు. చీటీ మీద తల్లి ఒళ్లో నవ్వుతున్న బిడ్డ. రంగుల కార్డులు, వంటల పుస్తకాలు, కేలండర్లు పంచేవాళ్లు. పిల్లలు నిజంగానే ఏడుపు ఆపేవారు, లోపల ఉన్నది మార్ఫిన్, నల్లమందు నుంచి తీసే మత్తుమందు, కాబట్టి. ఔన్సుకు 65 మిల్లీగ్రాములు. కొందరు మళ్లీ లేవలేదు. తల్లికి తెలియదు, చీటీ మీద లేదు. ఆ తల్లుల గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్రపట్టదు. ప్రేమతోనే పట్టారు కదా ఆ మందు.

1906 జూన్ 30న అమెరికా అధ్యక్షుడు థియొడార్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన చట్టం ఏ మందునూ నిషేధించలేదు. ఆల్కహాలు, నల్లమందు, మార్ఫిన్, కొకైన్, హెరాయిన్, గంజాయి, క్లోరోఫారం ఇలాంటివి ఉంటే ఎంత ఉందో చీటీ మీద రాయమంది, అంతే. ఆ ఒక్క ముక్కతో విన్‌స్లో సీసా మీద "మార్ఫిన్" అని అచ్చయింది. తర్వాత మార్ఫిన్ తీసేశారు, పేరులోంచి "సూథింగ్" కూడా తీసేశారు.

అక్కడితో అయిపోలేదు. క్యాన్సరు కుదురుస్తానని ఒకడు మందు అమ్మితే కేసు పెట్టారు. 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఏమందంటే, చట్టం సీసాలో ఏముందన్న దాని మీద అబద్ధాన్నే శిక్షిస్తుంది, ఏ రోగం కుదురుతుందన్న దాని మీద అబద్ధాన్ని కాదని. 1912లో సవరణ తెచ్చారు, కానీ కావాలనే మోసం చేశాడని రుజువు చేయాలన్నారు. నేను నమ్మే అమ్మాను అంటే తప్పించుకోవచ్చు. 1937లో ఎలిక్సిర్ సల్ఫానిలమైడ్ అని ఇన్ఫెక్షన్లకు ఒక ద్రవమందు వచ్చింది. అందులోని సల్ఫానిలమైడ్ మంచి మందే. దాన్ని తియ్యటి ద్రవంగా చేయడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనంలో కరిగించారు. మూత్రపిండాలు చెడి వందమందికి పైగా పోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. కంపెనీ మీద మోపగలిగిన నేరం ఏమిటో తెలుసా? ఎలిక్సిర్ అంటే ఆల్కహాలు ఉండాలి, ఇందులో లేదు కాబట్టి పేరు తప్పు! ఆ మరుసటి ఏడాది, 1938లో, అమ్మే ముందే హాని చేయదని చూపించాలనే చట్టం వచ్చింది.

మన దగ్గర మందుల సంగతి విచారించడానికి 1930లో కర్నల్ చోప్రా అధ్యక్షతన కమిటీ వేశారు, 1940లో చట్టమైంది. పేటెంట్ లేక ప్రొప్రయిటరీ (అంటే తయారీదారు సొంత) మందు అయితే సీసా మీద అసలు దినుసులు రాయాలని అందులో ఉంది. ఆ నియమం సీసా సంగతి, పత్రికలో ప్రకటన సంగతి వేరు. అందుకే 1948 నాటి మీ ప్రకటనలో లేకపోయి ఉండొచ్చు.

డా. వనజ (ఆయుర్వేదం, రాజమహేంద్రవరం) | సోమవారం, ఉదయం 6:50

ఒక విషయం గట్టిగా చెప్పాలని వచ్చాను. ఈ చర్చ చదివి ఎవరైనా వేర్ల మందులన్నీ ఇంతే అనుకుంటే అన్యాయం. గుట్టు మా శాస్త్రం పద్ధతి కాదు. చ్యవనప్రాశలో ఏముందో, ఎంత నెయ్యి, ఎన్ని ఉసిరికాయలో చరక సంహిత చికిత్సాస్థానం మొదటి అధ్యాయంలోనే శ్లోకాల్లో చెప్పేశారు. ఎవరైనా చదువుకోవచ్చు. గుట్టు పెట్టింది వ్యాపారం.

మీ ఇంట్లో ఉన్న సీసా తిప్పి వెనక చదవండి. "ఆయుర్వేదిక్ మెడిసిన్" అనో, "ఆయుర్వేదిక్ ప్రొప్రయిటరీ మెడిసిన్" అనో ఉంటుంది. మొదటిది గ్రంథంలో చెప్పిన మందు. రెండోది తయారీదారు సొంత కలయిక. నా దగ్గరకు వచ్చేవాళ్లను పాత డబ్బాలన్నీ తెమ్మంటాను, ముందు వెనక వైపు చదువుతాను.

స్త్రీల టానిక్కు అన్నారు కాబట్టి, మద్రాసులో కె.ఎన్. కేసరిగారి కేసరి కుటీరం అనే సంస్థ అమ్మిన "లోధ్ర" టానిక్కు గుర్తుచేయాలి. లోధ్ర అంటే లొద్దుగ చెట్టు పట్ట, స్త్రీరోగాలకు మా గ్రంథాల్లో ఉన్నదే. ఆ రాబడితో ఆయన 1928 నుంచి "గృహలక్ష్మి" మాసపత్రిక నడిపారు, రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చారు. 1934లో మొదటిది అందుకున్నది కనుపర్తి వరలక్ష్మమ్మగారు. అమెరికాలో మందు అమ్మిన డబ్బు పత్రికల నోరు మూయించింది. మద్రాసులో అదే రకం డబ్బు తెలుగు ఆడవాళ్ల చేతికి కలమిచ్చింది.

రాజాం సిరి | సోమవారం, మధ్యాహ్నం 1:35

నాకు చరిత్ర తెలియదు. ఇంట్లో జరిగింది చెబుతాను.

నాన్నకు పధ్నాలుగేళ్లుగా సుగర్. కేబుల్ చానల్లో అరగంట కార్యక్రమం ఒకటి వచ్చేది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, ఎదురుగా మన ఊళ్లలాంటి ఊళ్ల నుంచి వచ్చిన మనుషులు. మా యాసలోనే మాట్లాడే ఒక పెద్దాయన, "బాబూ, ఇంజక్షను మానేసి ఆరు నెలలైంది, మిఠాయి తింటున్నాను" అన్నాడు. నాన్న నమ్మింది తెల్లకోటును కాదు, ఆ పెద్దాయన్ని. ఫోను చేస్తే పొడి డబ్బాలు ఇంటికొచ్చాయి, డబ్బులు పోస్టుమాన్ చేతికే. మాకు చెప్పకుండా మాత్రలు మానేశాడు. నాలుగు నెలలకు కాలికి పుండు పడింది. బొటనవేలు, పక్క వేలు తీసేశారు. నాన్న ఇప్పటికీ ఆ పెద్దాయన అబద్ధం చెప్పి ఉండడంటాడు.

ఆ డబ్బా మీద దినుసులు వివరంగానే ఉన్నాయి. మందులకొట్టు బాబాయ్‌గారూ, చీటీ మీద అన్నీ రాసి ఉన్నా మాకు ఇలా ఎందుకైంది?

మందులకొట్టు | సోమవారం, రాత్రి 10:30

తల్లీ, నాన్నగారికి ఇప్పుడు ఎలా ఉంది? మాత్రలు మళ్లీ వేసుకుంటున్నారని ఆశిస్తున్నాను.

మీ ప్రశ్న న్యాయమైనది. చీటీ చట్టం సరిపోదనే 1954లో మన పార్లమెంటు ప్రత్యేకంగా ప్రకటనల మీదే చట్టం చేసింది, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. దాని షెడ్యూలులో 54 రోగాల, పరిస్థితుల జాబితా ఉంది. సుగర్, క్యాన్సరు, పక్షవాతం, బొల్లి, కుష్ఠు, కంటిశుక్లం, ఎత్తు పెరగడం, లావు తగ్గడం అన్నీ ఉన్నాయి. వీటికి మందు ఉందని మామూలు జనానికి ప్రకటన ఇవ్వడమే నేరం, మందు మంచిదా చెడ్డదా అన్నదాంతో పని లేదు. వాక్‌స్వాతంత్ర్యానికి భంగం అని కోర్టుకు వెళ్లారు. 1959 డిసెంబరులో హమ్దర్ద్ దవాఖానా అనే మందుల సంస్థ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి వ్యాపార ప్రకటనకు ఆ రక్షణ వర్తించదని తేల్చింది. సెక్షన్లలో కొన్ని ముక్కలు కొట్టేసింది గానీ చట్టం నిలబడింది.

కానీ మొదటిసారి నేరానికి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అదీ ఎవరో ఒకరు పట్టించుకుంటే. మీ డబ్బా, రసీదు దాచారా? ఉంటే జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరు కార్యాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి. చానల్ పేరు, తేదీ, సమయం రాయండి. కాగితం ఎలా రాయాలో నేను సాయం చేస్తాను.

రాజాం సిరి | సోమవారం, రాత్రి 11:05

రెండు డబ్బాలు ఉన్నాయి బాబాయ్‌గారూ. రేపు మెసేజ్ పెడతాను.

అమ్మమ్మపెట్టె | మరుసటి ఆదివారం, రాత్రి 8:44

అమ్మమ్మను కలిశాను. అమ్మమ్మకు ఇప్పుడు ఎనభై ఎనిమిది నడుస్తోంది. ఆ సంచిక చేతికిచ్చి, వెనక అట్ట చూపించి చదివి వినిపించాను. వింటూ వింటూ నవ్వు మొహం పెట్టి, "ఆ జాబు రాసింది నేనేనే" అంది.

ఆ యోగ్యతాపత్రం మీద పేరున్నావిడ అమ్మమ్మ వాళ్ల పెద్దమ్మ. ఆవిడకు అక్షరం ముక్క రాదు. పదకొండేళ్ల అమ్మమ్మ స్కూలు నుంచి రాగానే కూర్చోబెట్టి చెబితే, కార్డు మీద రాసి పోస్టులో వేసిందట. రాసింది ఇదీ: ఒక సీసా వాడాను, ఆకలి కొంచెం మెరుగు, ఇంకో సీసా పంపండి, డబ్బు ఏజంటుకు ఇచ్చాను, ఇంకా అందలేదు. ఎనిమిదేళ్లు, మంచాన పడటం, మూడు సీసాలు, ఇవేవీ ఆ కార్డులో లేవు. తర్వాత కంపెనీ నుంచి రెండు సీసాలు ఊరికే వచ్చాయి, లక్ష్మీదేవి బొమ్మ కేలండరుతో సహా. పత్రికలో పేరు పడిందని పెద్దమ్మ ఊరంతా చూపించుకుందట.

మందు ఎలా ఉండేదని అడిగాను. తియ్యగా ఉండి గొంతు దిగేటప్పుడు మంట పుట్టేదట. పెద్దమ్మ ముద్దుగా తనకూ ఒక చెంచా పోసేదట, ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయేదాన్ని అంది.

కేలండరులోని బొమ్మను అప్పట్లో కత్తిరించి పటం కట్టించారు. ఇప్పటికీ మామయ్య వాళ్ల దేవుడి గదిలో ఉంది. అమ్మమ్మ ఒప్పుకుంటే వెనక అట్ట విప్పి చూశాం. కంపెనీ పేరు, మద్రాసు చిరునామా, సీసా ధర, తిథులు, వర్జ్యాలు ఉన్నాయి. సీసాలో ఏముందో అక్కడా లేదు. ఫోటో రేపు పెడతాను.